కింద పెట్టి పక్కకు జరగాలి

ఆగస్టు 3

నేను, తుపాకమ్మ అని నలుగురూ పిలిచే దానను, వయసు ఎనభైకి కాస్త అటూ ఇటూ, పాత రేవు ఒడ్డున ఒంటిగది ఇంట్లో కాపురం, పెనిమిటి పడవ సరంగు, కాలం చేసి చాలా ఏళ్ళు, సంతానం లేదు, ప్రస్తుతం ఇంట్లో ఉన్నది నేను, ఒంటికన్ను పిల్లి, ఒక ఒంటిగొట్టం తుపాకి. పరాయి రాష్ట్రంలో సరస్సు మీద లాంచీ నడుపుకుంటున్న నా తమ్ముడి కూతురికి పూర్తి తెలివితో చెప్పి రాయించునది ఏమనగా—

అమ్మాయీ, కంగారు పడకు. ఇదంతా లేఖరి పెట్టిన మొదలు. ఈయన జన్మంతా రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసినవాడు. ఉత్తరం ఇంకోలా మొదలుపెట్టడానికి చెయ్యి రాదట. నా మేనకోడలికి నా వయసు ఎందుకు అని అడిగితే, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్తారు పెద్దమ్మా అన్నాడు. పోనీలే, రాసుకోనీ.

విషయం ఇది. వంతెన కట్టేశారు. వంతెన మంచిదే, నేను కాదనను. దాని మీద బస్సు పోయినప్పుడల్లా మా ఇంట్లో గిన్నెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి, అదొక కాలక్షేపం. పడవలు మాత్రం ఆగిపోయాయి. నీకు గుర్తుండే ఉంటుంది, మంచు దిగిన పొద్దున అవతలి ఒడ్డు కాదు కదా నీ కాళ్ళు నీకు కనిపించేవి కావు. మీ మామయ్య పడవలో ఉంటే నేను రేవు మెట్టు మీద నిలబడి గుళ్ళు లేని తూటా వేసి ఆకాశంలోకి కాల్చేదాన్ని. చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆ చప్పుడు పట్టుకుని పడవలన్నీ ఒక్కొక్కటే మంచులోంచి ముక్కు బయట పెట్టేవి, నిద్ర లేచిన బర్రెల్లాగా. ఆయన పోయాక కూడా ఆ పని నాదే.

పడవలు ఆగాక కూడా మంచు వచ్చిన రోజు కాల్చాను. పడవలు లేవు కదా అవ్వా అంటారు. పడవలు లేవని మంచుకి తెలుసా? ఎవరో వెళ్ళి చెప్పారు. లైసెన్సు ఆఫీసరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు, చెప్పులు బయట విప్పాడు. ఈ లైసెన్సు రేవు కోసం ఇచ్చింది, రేవు లేదు కనుక ఈ సంవత్సరాంతానికి చెల్లిపోతుందట. ఆలోపు లైసెన్సు దొరకగల ఇంటి మనిషికి ఇచ్చుకోవచ్చట. లేకపోతే వాళ్ళే తీసుకెళ్ళి కోసి ఇనుములో వేస్తారట. కోసి, అన్నాడమ్మా, పొట్లకాయ కోసినట్టు.

ఈ రాష్ట్రంలో నాకంటూ ఎవరూ లేరు. ఉన్నది నువ్వు. నీళ్ళ మీద బతికేదానివి నువ్వు. అందుకని తుపాకి నీకు. వచ్చి తీసుకెళ్ళు.

నా గుర్తు: గుండ్రం, మధ్యలో చుక్క. తుపాకి మూతి గీశారా అని లేఖరి అడుగుతున్నాడు. కాదు, అది మంచులోంచి కనబడే పొద్దు.

సాక్షి: లేఖరి.


ఆగస్టు 19

అత్తకి,

నీ పేరు, వయసు, పిల్లి వివరాలు అన్నీ చేరాయి. మీ అల్లుడు ఉత్తరం మొదటి వాక్యం చదివి, ఏదో ఆస్తి తగాదా నోటీసు అనుకుని మంచినీళ్ళు తాగాడు.

ఇక్కడ వాన వెలిసింది. సరస్సు ఎర్రగా నిండింది. ఆ ఎరుపు మీ నదిదే. పైనుంచి వచ్చిన నీళ్ళు మా దగ్గర ఆగి నిదానంగా తేరుకుంటాయి. లాంచీ నడుపుతూ ఒక్కోసారి అనుకుంటాను, ఈ నీళ్ళు వారం క్రితం అత్త కాళ్ళు కడిగి ఉంటాయి అని.

అత్తా, ఒక్కమాట అడుగుతాను, తిట్టకు. ఒంట్లో బాగానే ఉందా? ఉన్నవన్నీ పంచిపెట్టుకుంటున్నావంటే నాకు ఏదోలా ఉంది.

తుపాకి సంగతి ఇక్కడి దుకాణంలో అడిగాను. ఒకే రాష్ట్రంలో అయితే ఒక పద్ధతి, సరిహద్దు దాటితే వేరే పద్ధతి అంటున్నారు. నువ్వు నా చేతికి ఇవ్వడానికి వీల్లేదు. నేను వచ్చి తెచ్చుకోవడానికీ వీల్లేదు. నువ్వు మీ దగ్గర లైసెన్సున్న దుకాణంలో ఇవ్వాలి, వాళ్ళు ఇక్కడి దుకాణానికి పంపాలి, నా నడవడి మీద విచారణ జరగాలి, అన్నీ సరిపోతే అప్పుడు నాకు ఇస్తారు.

అసలు నాకెందుకత్తా? లాంచీకి హారనుంది, రేడియో ఉంది. పైగా ఆ చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచీ… సరే, అది ఉత్తరంలో రాసే విషయం కాదు. నీ ఆరోగ్యం గురించి మాత్రం తప్పక రాయించు.

నీ మేనకోడలు


ఆగస్టు 30

నేను, తుపాకమ్మ అనబడు దానను, వయసు పై ఉత్తరంలో చెప్పినదే, కాపురం అదే రేవు, ఇంట్లో నేను, తుపాకి, పిల్లి, పిల్లి ఈ మధ్య ఇంట్లో ఉండటం తగ్గించింది, చెప్పి రాయించునది—

నాకు రోగం లేదు. రోగం ఉంటే నీకు తుపాకి కాదు, రోగం పంపిస్తాను.

‘ఆ చప్పుడంటే నాకు చిన్నప్పటి నుంచీ’ అని రాసి ఆపావు. చదువుతూ లేఖరి కూడా ఆగాడు. మిగతాది నువ్వు చెప్పాలా? నీకు ప్రాణమని నాకు తెలియదా? చిన్నప్పుడు వచ్చినప్పుడల్లా నేను తుపాకి తీస్తే నా చీర కుచ్చెళ్ళలో ముఖం పెట్టుకుని వినేదానివి. అందుకే కదా నీకు ఇస్తున్నది.

ఇక ఆ దుకాణాల సంగతి. నా వస్తువు, నా తమ్ముడి బిడ్డకు ఇచ్చుకోవడానికి మధ్యలో వీళ్ళెవరు? నీ పెళ్ళికి నా గాజులు ఇచ్చాను, ఏ దుకాణం వాడు వచ్చి మధ్యలో నిలబడ్డాడు? లేఖరి ఏదో చట్టం అంటున్నాడు. చట్టం నాకు నేర్పుతాడా? మా ఇంట్లో చట్టం మీ మామయ్య పెట్టాడు. తుపాకి చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చే మనిషి తుపాకిని నడుమ దగ్గర మడత విప్పి, గొట్టం ఖాళీ అని చూపించి, కింద పెట్టి పక్కకు జరగాలి. తీసుకునే మనిషి అప్పుడు వచ్చి వంగి తీసుకోవాలి. పెళ్ళయిన కొత్తలో నేను చెయ్యి చాపితే ఆయన ఇవ్వలేదు. భార్యకి కూడా ఇవ్వవా అని అలిగాను. ఇద్దరి చేతులూ దాని మీద ఉన్న క్షణంలో దానికి యజమాని ఉండడు, ఆ క్షణంలోనే అది పేలుతుంది అన్నాడు. ఆయన పోయే ముందు రోజు కూడా మంచం పక్కన నేల మీదే పెట్టించాడు. నేను వంగి తీసుకున్నాను. అంతకంటే పెద్ద చట్టం ఎవరి దగ్గరుంది?

నేను ఆలోచించాను. తుపాకిలో సగం తుపాకి కాదు. మనిషిని సగం చేస్తే మనిషి అంటామా? అందుకని వెనక చెక్క ఊడదీసి, నా పాత చీరలో చుట్టి నీకు పార్సిలు చేయించాను. గొట్టం, మీట నా దగ్గరున్నాయి. మీ మామయ్య పెద్ద గొడుగు సంచీ ఉంది కదా, అందులో సరిగ్గా పట్టింది. ఈ నెల వెళ్ళాక ఎండ తగ్గుతుంది, బస్సెక్కి నేనే తెస్తాను. మీ ఇంటి గడప లోపల కింద పెడతాను. నువ్వు వంగి తీసుకో.

నిన్న తెల్లవారుజామున కలలో నది వెనక్కి పారింది. మీ సరస్సు మా రేవు దాకా వచ్చింది. నువ్వు లాంచీ మీద నిలబడి ఉన్నావు, వయసు పదేళ్ళే, కానీ లాంచీ బాగానే నడుపుతున్నావు. నా వైపు చూడకుండా పోయావు. ఎందుకు చూడలేదో వచ్చాక అడుగుతాను.

గుర్తు: గుండ్రం, మధ్యలో చుక్క.

సాక్షి: లేఖరి. (గొడుగు సంచీ విషయం నాకు సమ్మతం కాదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.)


సెప్టెంబరు 9

అత్తా,

బస్సెక్కకు. ముందు ఇది చదివించుకో, తర్వాత తిట్టు.

చెక్క చేరింది. నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది కదా, ఆ రెండు రోజులూ నేను అనుకున్నదేమిటంటే, వద్దన్నందుకు కోపంతో తుపాకి విరగ్గొట్టి నా ముఖాన కొట్టావని. ఏడ్చాను కూడా. తర్వాత చూస్తే చెక్క మీద ఒకచోట అద్దంలా నునుపుదేలి ఉంది. నీ చెంప ఆన్చిన చోటు అయి ఉంటుందని నా చెంప అక్కడ ఆన్చుకుని కాసేపు కూర్చున్నాను. నూనె వాసన, పొగ వాసన, ఇంకేదో నీ ఇంటి వాసన.

దుకాణంలో మళ్ళీ అడిగాను. చెక్క వట్టి చెక్కే, ఎవరికైనా పంపొచ్చట. తుపాకి అంటే చట్టానికి ఆ గొట్టం, మీట ఉన్న భాగమేనట. అది నీ చేతుల్లో సరిహద్దు దాటి నా గడప లోపలికి వస్తే ఇచ్చిన నీ మీద కేసు, తీసుకున్న నా మీద కేసు. తుపాకి స్టేషనుకి పోతుంది. నా మీద కేసు ఉంటే లాంచీ నడపనివ్వరు. ఇల్లు నడిచేది ఆ లాంచీ మీదే. గొడుగు సంచీలో తెచ్చావని తెలిస్తే ఎవరూ నవ్వరు అత్తా.

ఇక నేను ఆపేసిన మాట. చెప్పకపోతే నువ్వు ఏదో అనుకుంటూనే ఉంటావు.

నాకు ఆ చప్పుడంటే చిన్నప్పటి నుంచీ భయం. నీ కుచ్చెళ్ళలో ముఖం పెట్టుకున్నది వినడానికి కాదు, వినకుండా ఉండటానికి. ఒకసారి నువ్వూ నాన్నా పోట్లాడుకున్నారు, గుర్తుందా? నాన్న అన్నం ముందు నుంచి లేచి, నన్ను చంకనేసుకుని చిన్న పడవలో బయల్దేరాడు. నది మధ్యలోకి వచ్చేసరికి మంచు దిగింది. ఏమీ లేదు, తెల్లగా, పాల గిన్నెలో ఉన్నట్టు. అప్పుడు నీ తుపాకి పేలింది. ఏమిటది నాన్నా అంటే, ‘మీ అత్తకి మన మీద కోపం తగ్గలేదు, కాలుస్తోంది’ అని నవ్వాడు. మళ్ళీ పేలింది. మళ్ళీ మళ్ళీ పేలింది. ఎంత కోపం ఉంటే అన్నిసార్లు కాలుస్తుంది అనుకున్నాను. నాకు అర్థం కానిది ఒక్కటే. నాన్న పడవ తిప్పి ఆ చప్పుడు వైపే తెడ్డు వేశాడు. కాల్చేవాళ్ళ వైపు ఎవరైనా వెళ్తారా? ఈనాటికీ నా కలలో నాన్న అలా తెడ్డు వేస్తూనే ఉంటాడు. ఆ తుపాకి నా ఇంట్లో ఎలా పెట్టుకోను?

జవాబు రాయించు. బస్సెక్కకు.

మేనకోడలు


సెప్టెంబరు 22

నేను తుపాకమ్మను, వయసు వగైరా అదే, ఇంట్లో నేను ఒక్కదాన్నే, పిల్లి వంతెన కాపలాదారు గదికి మారిపోయింది, అక్కడ హీటరుందట, చెప్పి రాయించునది—

బస్సెక్కాను. ఒక కాలు లోపల, ఒక కాలు కింద. గొడుగు సంచీ భుజాన ఉంది. లేఖరి పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఆయన పరుగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. నీ ఉత్తరం విప్పి అక్కడే బస్సు మెట్టు దగ్గర చదివాడు. కేసు దగ్గర నేను దిగలేదు. నాకు కేసులు కొత్తా? నువ్వు పాల గిన్నె అన్న చోట దిగాను. కండక్టరు, అవ్వా ఎక్కుతావా లేదా అన్నాడు. పోరా, నా మేనకోడలు నది మధ్యలో ఉంది అన్నాను. బస్సు పోయింది.

పిల్లా, మీ నాన్న నోటికి మూత లేదు. పసిబిడ్డతో ఆడే పరాచికమా అది? ఆ రోజు పోట్లాట నిజం. వాడు అన్నం వదిలేసి లేచిన మాటా నిజం. కోపం కోపమే, మంచు మంచే. పడవలో నువ్వున్నావు. మంచు దిగగానే తుపాకి తీసుకుని మెట్టు మీదికి పరుగెత్తాను. వాడికి వినపడలేదేమో, అటు కొట్టుకుపోతున్నాడేమో అని తూటా తర్వాత తూటా వేశాను, గొట్టం కాలి అరచెయ్యి బొబ్బలెక్కింది. కాల్చేవాళ్ళ వైపు ఎవరైనా వెళ్తారా అని అడిగావు. వాడు వెళ్ళింది అందుకే. అటువైపే ఇల్లు ఉంది.

ఆ పూట మీరు తిరిగొచ్చాక వాడు నాతో మాట్లాడలేదు, కానీ వదిలేసిన అన్నం కూర్చుని తిన్నాడు. అది నువ్వు చూశావు. నీకు గుర్తు లేదు.

ఇంకొకటి. చెక్క మీద నునుపుదేలింది నా చెంప వల్ల కాదు. చెంప ఆన్చి గురి చూడటానికి నేనేమైనా వేటకి పోయానా? ఆకాశంలోకి కాల్చేదాన్ని చంకలో ఇరికించుకుని కాలుస్తాను. నువ్వు చెంప పెట్టుకుని కూర్చున్నది నా చంక. ఇది రాయను అన్నాడు లేఖరి. రాయమన్నాను.

మర్నాడు దుకాణానికి వెళ్ళాను, వాడిని కడిగేద్దామని. పాత సినిమా హాలు వెనక వీధి, ఇనుప జాలీ తలుపు, లోపల ఒక్కటే బల్బు. సన్నగా, పొడుగ్గా, పెళ్ళికొడుకులా ఇస్త్రీ చేసుకున్న మనిషి. నేను తిట్టడం మొదలుపెట్టాను. నా వస్తువుకీ నా బిడ్డకీ మధ్యలో నువ్వెవడివి అన్నాను. వాడు అంతా విన్నాడు. నేను గొడుగు సంచీలోంచి తీసి వాడికి అందించబోయాను, కోపంలో మా ఇంటి చట్టం నేనే మర్చిపోయి. వాడు చెయ్యి చాపలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“అలా కాదు పెద్దమ్మా. మడత విప్పి టేబుల్ మీద పెట్టి, పక్కకు జరగండి” అన్నాడు.

మీ మామయ్య పోయాక ఆ మాట మళ్ళీ మగగొంతుతో వినడం అదే మొదలు. టేబుల్ మీద పెట్టాను. పక్కకు జరిగాను. వాడు వంగి చూసి, ఖాళీ అని పైకి చెప్పి, తీసుకున్నాడు.

అక్కడ స్టూలు మీద కూర్చుండిపోయాను. టీ తెప్పించాడు. అప్పుడు నాకు బుర్రకెక్కింది. ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ మధ్య నేల ఉండాలి. ఒకే గదిలో అయితే గది నేల చాలు. నువ్వు పరాయి రాష్ట్రంలో ఉంటే నేల కూడా అంత పొడుగు ఉండాలి కదా. ఆ నేల పేరే దుకాణం. ఈ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఇంత తిట్టేదాన్ని కాదు.

నేను పెట్టేశాను. పక్కకు జరిగాను. వంగి తీసుకుంటావో లేదో నీ ఇష్టం. తీసుకోకపోతే ఏడాది చివర కోసేస్తారు. నేను మాత్రం మళ్ళీ చెయ్యి వెయ్యను.

గుర్తు: గుండ్రం, మధ్యలో చుక్క.

సాక్షులు: లేఖరి, వంతెన కాపలాదారు.


డిసెంబరు 14

అత్తా,

ఇన్నాళ్ళు రాయనందుకు ఏమేం అనుకున్నావో నాకు తెలుసు. విచారణ అయ్యేదాకా ఏమీ రాయకూడదనుకున్నాను. స్టేషను నుంచి వచ్చారు, ఇల్లు చూశారు, తాళం వేసే ఇనుప బీరువా ఉందా అని చూశారు, పక్కింటివాళ్ళను నా కోపం గురించి అడిగారు. వాళ్ళ మేనత్త కంటే తక్కువే అని మీ అల్లుడు అందుకున్నాడు. ఎందుకు కావాలి అని నన్ను అడిగారు. వేట కాదు, కాపలా కాదు, దారి చెప్పడానికి అన్నాను. రాసుకునే ఆయన ఇంకోసారి చెప్పమని, అదే రాసుకున్నాడు.

ఇక్కడి దుకాణం ఒకావిడది. భారీ మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది. నేను చెక్కను నీ చీరలోనే చుట్టుకుని తీసుకెళ్ళాను. ఆవిడ లోపలి నుంచి గొట్టం తెచ్చింది. రెండూ కలిపి మర బిగిస్తే చిన్న చప్పుడు వచ్చింది, తలుపు గడియ పడ్డట్టు. తర్వాత ఆవిడ మడత విప్పి, గొట్టంలోంచి వెలుతురు చూపించి, టేబుల్ మీద పెట్టి చేతులు తీసేసి పక్కకు జరిగింది. నేను ఆవిడకి ఏమీ చెప్పలేదు, ఒట్టు. వంగి తీసుకున్నాను అత్తా.

బీరువాలో పెట్టి తాళం వేసి, దాన్ని మర్చిపోవచ్చులే అనుకున్నాను. ఈ నెల ఐదో తారీఖున మంచు వచ్చింది.

మా సరస్సు మీద మంచు మీ దగ్గరిలా కిందికి దిగదు, నీళ్ళలోంచి పైకి లేస్తుంది. రేవులో బల్లలు, తాళ్ళు, టికెట్ల గది, ఒక్కొక్కటే కరిగిపోయాయి. నాది సెలవు రోజు. కొత్త డ్రైవరు లాంచీ తీసుకెళ్ళాడు, నిండా జనం. హారన్లు మోగుతున్నాయి. మంచులో హారను అన్ని వైపుల నుంచీ ఒకేలా వినిపిస్తుందత్తా, సరస్సే ఊళ వేస్తున్నట్టు. రేడియోలో ఆ అబ్బాయి గొంతు, అక్కా, ఎటు తిరిగినా ఒడ్డు తగలడం లేదు, రాళ్ళ వైపు ఉన్నానేమో అంటున్నాడు. ఆ రాళ్ళు నీళ్ళకి జానెడు కింద ఉంటాయి.

రేవు అధికారి దగ్గర అనుమతి ముందే తీసుకుని ఉంచాను, ఎందుకో నాకే తెలియకుండా. ఇంటికి పరుగెత్తి తుపాకి, గుళ్ళు లేని తూటాలు తెచ్చాను. రేవు చివర నిలబడి చంకలో ఇరికించుకున్నాను. అది నీ చంకకి కుదిరింది, నాకు కొంచెం వదులు. కళ్ళు గట్టిగా మూసుకుని కాల్చాను.

హారన్లన్నీ ఆగిపోయాయి. మళ్ళీ కాల్చాను. మూడోసారి కళ్ళు తెరిచే ఉన్నాను. కాస్సేపటికి మంచులోంచి లాంచీ ముక్కు కనిపించింది, సరిగ్గా నా కాళ్ళ ముందుకి, నువ్వు చెప్పిన బర్రెలాగే.

దిగినవాళ్ళలో ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మ భుజం మీద ముఖం దాచుకుని ఉంది. నన్ను చూసి, ఎవరిని కాల్చావు అని అడిగింది. నేను తుపాకి మడత విప్పి, ఖాళీ అని చూపించి, బల్ల మీద పెట్టి పక్కకు జరిగాను.

“ఎవరినీ కాల్చలేదమ్మా. రేవు ఇటు ఉందని చెప్పాను” అన్నాను.

ఆ పిల్లకి చెప్పానో, నాకు చెప్పుకున్నానో. ఆ రోజు నుంచి కలలో నాన్న తెడ్డు వేయడం ఆపేశాడు. పడవ కట్టేసి, అన్నం ముందు కూర్చున్నాడు.

నీ మేనకోడలు


డిసెంబరు 27

నేను, తుపాకమ్మ అని నలుగురూ పిలిచే దానను, తుపాకి లేకపోయినా ఆ పేరు పోలేదు. వయసు ఎనభైకి ఇంకాస్త దగ్గర, లేదా ఇంకాస్త దూరం. కాపురం పాత రేవు ఒడ్డున. ఇంట్లో నేను, మనసు మార్చుకుని తిరిగొచ్చిన ఒంటికన్ను పిల్లి. ఒక ఒంటిగొట్టం తుపాకిని నా తమ్ముడి కూతురికి న్యాయంగా, చట్టంగా, సంతోషంగా ఇచ్చినాననియు, ఇకపై దాని మీద నాకు ఏ హక్కూ లేదనియు, పూర్తి తెలివితో చెప్పి రాయించునది—

ఈసారి మొదలు నేనే అలా పెట్టమన్నాను. చట్టంగా అనే మాట కూడా నాదే.

ఆ మర్యాదస్తుడైన ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. కాగితాలు చూసుకుని లైసెన్సు వెనక్కి తీసుకున్నాడు. వెళ్తూ గోడకి తుపాకి తగిలించిన మేకు చూసి, దీనికేం తగిలిస్తారు అవ్వా అన్నాడు. గొడుగు అన్నాను.

నీకు వదులుగా ఉందని రాశావు. చంకలో చిన్న గుడ్డ మడిచి పెట్టుకో. పెళ్ళయిన కొత్తలో నేనూ పెట్టుకున్నాను. గుళ్ళున్న తూటాలు ఇంట్లోకి రానివ్వకు, ఎవరు ఇచ్చినా సరే. కాల్చిన రోజే గొట్టం తుడువు, మర్నాటికి ఉంచకు. కళ్ళు మూసుకుని కాల్చినందుకు ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని.

నీకు మంచు లేచిన పొద్దునే ఇక్కడ కూడా మంచు దిగింది. లేఖరి తారీఖులు సరిచూసి చెప్పాడు. వంతెన కనబడలేదు, దాని మీద బస్సు మాత్రం పోతున్నట్టు గిన్నెలు చెప్పాయి. తుపాకి లేని మొదటి మంచు. చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పెట్టుకుని రేవు మెట్టు మీద కూర్చున్నాను. తెల్లగా ఉంది. మీ మామయ్య అందులో ఎక్కడో పడవ ఆపుకుని, చప్పుడు కోసం చూస్తున్నాడని అనిపించింది.

అప్పుడు నాకు నీ తుపాకి వినపడింది అని రాయి అన్నాను లేఖరితో. ఆయన పెన్ను ఎత్తేశాడు. దస్తావేజులో జరగనిది రాయలేను పెద్దమ్మా, నిజంగా విన్నారా అన్నాడు. గట్టి మనిషి. నేను ఆలోచించాను.

సరే, వినపడలేదనే రాయి. అంత దూరం ఎలా వినపడుతుంది? కానీ ఉన్నట్టుండి నేను లేచాను. ఇన్నేళ్ళూ అవతలి ఒడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్న మెట్టు మీదే, నీళ్ళు మీ సరస్సుకి పోయే వైపుకి తిరిగి కూర్చున్నాను. ఎవరూ చెప్పలేదు. అటు అని తెలిసింది. అది జరిగింది. అది రాసుకో అన్నాను. రాశాడు.

గుర్తు: గుండ్రం, మధ్యలో చుక్క.

సాక్షులు: లేఖరి, వంతెన కాపలాదారు, ఇస్త్రీ చొక్కా తుపాకుల దుకాణం ఆయన, పిలవకుండానే వచ్చి సంతకం పెట్టినాడు.